పుట్టుకే నేరంగా ఎంచిన చట్టం: స్టువర్టుపురం వెనుకటి చరిత్ర

చట్టం, న్యాయం, నీతి ఒకే దారిన నడుస్తాయని సామాన్యంగా అనుకోవడం కద్దు. శాసనాధికారం ఉన్నవారు చేసి, దండనతో అమలుపరిచే నియమం చట్టం. మంచిచెడ్డల గురించి ఒక సమాజంలో పాతుకుపోయిన నమ్మకాల మొత్తం నీతి. ఎవరికి రావలసింది వారికి దక్కడం, చేయని తప్పుకు ఎవరూ దండన పొందకపోవడం న్యాయం. ఈ మూడింటి సంబంధాన్ని గురించి పాశ్చాత్య తత్త్వవేత్తలూ మన ధర్మశాస్త్రకారులూ ఎంతో రాశారు గాని, ఆ సంబంధం తెగిపోయినప్పుడు మనుషుల బతుకు ఏమవుతుందో తెలుసుకోవాలంటే గ్రంథాల కంటే బాపట్లకూ చీరాలకూ మధ్య రైలు మార్గం పక్కన ఉన్న స్టువర్టుపురం చరిత్ర ఎక్కువ ఉపకరిస్తుంది. ఆ ఊరు పుట్టడానికి కారణమైన నేరస్థ జాతుల చట్టం, స్థిరనివాసుల సమాజానికి సంచార జీవుల పట్ల ఉన్న అనుమానాన్ని నీతిగా స్వీకరించి, ఆ నీతికి శాసనరూపం ఇచ్చి, న్యాయస్థానాన్ని మాత్రం బయట నిలబెట్టింది. ఆ శాసనం ఎలా వచ్చిందో, ఎలా పోయిందో, పోయిన తరువాత ఏమి మిగిలిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఉప్పు మోసిన కులం

స్టువర్టుపురంలో ప్రధానంగా స్థిరపడినవారు ఎరుకలవారు. తమిళ ప్రాంతాల్లో కొరవలుగా పిలవబడే సముదాయానికి దగ్గరివారైన వీరిలో వృత్తిని బట్టి ఏర్పడిన తెగలు అనేకం: ఉప్పు మోసి అమ్మేవారు ఉప్పు ఎరుకలవారు, వెదురు దబ్బలతో బుట్టలూ తట్టలూ అల్లేవారు దబ్బ ఎరుకలవారు, నేతగాళ్లు వాడే కుంచెలు కట్టేవారు కుంచె ఎరుకలవారు. స్త్రీలు ఊరూరా తిరిగి సోది చెప్పేవారు. పందుల పెంపకం చాలా కుటుంబాలకు ఆధారంగా ఉండేది. తమలో తమకు వచ్చిన తగవులను కుల పంచాయతీలోనే తీర్చుకునే వీరికి సర్కారు కచేరీలతో పని తక్కువ.

రైళ్లు రాకముందు కోస్తా ఉప్పును లోనాడుకు చేర్చడంలో ఇటువంటి సంచార వర్తకుల పాత్ర పెద్దది. పెరికె ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని మెట్ట ప్రాంతాలకు వెళ్లి, అక్కడి ధాన్యాన్ని తిరుగు దారిలో తెచ్చే ఈ వర్తకం బండి బాట లేని పల్లెలకు ప్రాణాధారం. లంబాడీలు కూడా ఇదే తరహాలో ధాన్యం రవాణా చేసేవారు. దక్కనులో యుద్ధాలు జరిగిన కాలంలో నిజాము సైన్యానికీ, టిప్పు సుల్తానుపై పోరాడిన కంపెనీ సైన్యానికీ కూడా తిండిగింజలు చేరవేసినది వారే. అంటే, తరువాతి కాలంలో ఏ సంచారాన్ని నేరానికి గుర్తుగా భావించారో, ఆ సంచారమే అంతకుముందు రాజ్యానికి అవసరమైన సేవగా చెల్లింది.

ఈ బతుకుదెరువు పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మూడు వైపుల నుంచి దెబ్బతింది. రోడ్లూ రైళ్లూ పెరిగేకొద్దీ ఉప్పూ ధాన్యమూ పెద్ద వర్తకుల చేతుల్లోకి వెళ్లాయి. ఉప్పు తయారీ మీద, అమ్మకం మీద ప్రభుత్వం బిగించిన పట్టు చిన్న వర్తకుడికి చోటు లేకుండా చేసింది. 1876-78 నాటి మహాక్షామంలో కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు ప్రాంతాలు మాడిపోయినప్పుడు పశువులు చచ్చి, సరుకు మోసే సాధనమే పోయింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవులను ప్రభుత్వ రక్షణలోకి తెచ్చి, వెదురు నరకడానికీ పశువులను మేపడానికీ ఆంక్షలు పెట్టడంతో బుట్టలల్లే వారికీ మేత మీద ఆధారపడిన వారికీ దారి మూసుకుపోయింది. పని పోయినవారిలో కొందరు దొంగతనాలకు దిగిన మాట నిజమే. దారి దోపిడీలు చేసిన ముఠాలు ఉన్న మాటా నిజమే. అయితే ఒక చట్టం తరువాత మరొక చట్టం వారి వృత్తిని తీసేస్తూ పోయిందన్న సంగతి, వారిని నేరస్థులుగా నమోదు చేసిన కాగితాల్లో లెక్కకు రాలేదు.

1871 నాటి శాసనం

నేరస్థ జాతుల చట్టం మొదట 1871 అక్టోబరులో ఉత్తర భారతం కోసం వచ్చింది. వాయవ్య పరగణాలు, అవధ్, పంజాబులకు వర్తించిన ఆ చట్టాన్ని 1876లో బెంగాలుకు విస్తరించారు. దాని మూలసూత్రం సులభమైనదే: ఒక తెగ గాని, ముఠా గాని, వర్గం గాని జామీనుకు వీలులేని నేరాలు క్రమం తప్పకుండా చేయడానికి అలవాటుపడిందని స్థానిక ప్రభుత్వం నమ్మితే, గవర్నర్ జనరల్ అనుమతి తీసుకుని దాన్ని నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు. ఈ ప్రకటననే నోటిఫికేషన్ అంటారు. ఒకసారి అది వెలువడిన తరువాత ఆ జాతివారి పేర్లను జిల్లా మేజిస్ట్రేటు రిజిస్టరులో ఎక్కిస్తాడు; పేరు ఎక్కినవారు నిర్ణీత హద్దు దాటాలంటే పాసు తీసుకోవాలి, పాసు లేకుండా పట్టుబడితే అదే శిక్షార్హమైన నేరం. తమ పొలిమేరలో వారి రాకపోకలను గురించి పోలీసులకు తెలియజేయడం గ్రామాధికారుల, భూస్వాముల విధి.

వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడనీ, కులవృత్తులున్న దేశంలో నేరమే కులవృత్తిగా గల వారు ఉండటం సహజమనీ ఈ శాసనాన్ని సమర్థించినవారు వాదించారు. ఇంగ్లండులో కూడా 1869లోనూ 1871లోనూ అలవాటు నేరస్థులను అదుపుచేసే చట్టాలు వచ్చాయి గాని, అక్కడ ఒక వ్యక్తిని ఆ జాబితాలో చేర్చడానికి ముందు అతనిపై నేరం రుజువై శిక్ష పడి ఉండాలి. భారతదేశంలో ఆ షరతు తొలగిపోయింది. ఇక్కడ రుజువు కావలసినది మనిషి చేసిన పని కాదు, మనిషి పుట్టిన ఇల్లు.

ఆనాడు గవర్నర్ జనరల్ మండలిలో న్యాయ సభ్యుడుగా ఉన్న జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, మరుసటి ఏడు వచ్చిన భారత సాక్ష్య చట్టానికి రచయిత. 1872 నాటి ఆ సాక్ష్య చట్టం ప్రకారం క్రిమినల్ విచారణలో ముద్దాయి చెడ్డ నడత కలవాడన్న సంగతి, అతడు తన మంచి నడతకు సాక్ష్యం తెచ్చుకుంటే తప్ప, విచారణకు సంబంధం లేనిది. మనిషిని అతడు చేసిన పనిని బట్టి తీర్పు చెప్పాలి గాని, అతని మీద ఊరి అభిప్రాయాన్ని బట్టి కాదన్న సూత్రం అందులో ఇమిడి ఉంది. ఏడాది ముందు చేసిన నేరస్థ జాతుల చట్టం మాత్రం ఒక్క మనిషి నడతను కాదు, వేలాది మంది నడతను, వారికి పుట్టబోయే బిడ్డల నడతతో సహా, ప్రభుత్వ ప్రకటనతోనే తేల్చివేసింది. పైగా ఆ ప్రకటన చెల్లుబాటును ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదనే నిబంధన కూడా చేర్చింది. పేరు తప్పుగా ఎక్కిందని అనుకున్నవాడు మేజిస్ట్రేటుకు మొర పెట్టుకోవచ్చు గాని, తన జాతి మీద వేసిన ముద్ర సరైనదా కాదా అని అడిగే చోటు అతనికి లేదు.

స్టీఫెన్ స్వదేశానికి వెళ్లిన తరువాత 1873లో ప్రచురించిన గ్రంథంలో, ఇతరులకు హాని కలగనంత వరకు వ్యక్తి ప్రవర్తనలో చట్టం జోక్యం చేసుకోరాదన్న జాన్ స్టువర్ట్ మిల్ సిద్ధాంతాన్ని ఖండించి, సమాజ నీతిని కాపాడటం చట్టం బాధ్యతల్లో ఒకటని వాదించాడు. నీతిని చట్టంతో అమలుచేయవచ్చునా అన్న ఈ వివాదం తరువాత ఇరవయ్యో శతాబ్దం ఇంగ్లండులో లార్డ్ డెవ్లిన్, హెచ్.ఎల్.ఎ. హార్ట్‌ల మధ్య మళ్లీ తలెత్తింది. ఆ చర్చల్లో సాధారణంగా కనిపించని ప్రశ్న ఒకటి ఇక్కడ ఉంది: చట్టం కాపాడవలసిన నీతి ఎవరిది? నేరస్థ జాతుల చట్టం కాపాడింది భూమీ ఇల్లూ ఉన్నవారి నీతిని. దాని ప్రకారం స్థిరనివాసం, పన్ను చెల్లింపు, కూలిపని సద్గుణాలు, సంచారం దుర్గుణం. అయితే పుట్టుకను బట్టి మనిషిని తూచడం ఆంగ్లేయులు తెచ్చిన కొత్త ఆలోచన కాదు. ఒకే తప్పుకు వర్ణాన్ని బట్టి వేర్వేరు దండనలు చెప్పిన మనుస్మృతి వంటి గ్రంథాలు ఈ నేల మీద ముందునుంచీ ఉన్నాయి. వలస ప్రభుత్వం ఆ పాత దృష్టికి రిజిస్టరూ వేలిముద్రా పోలీసు స్టేషనూ జతచేసింది.

మద్రాసు రాజధానికి విస్తరణ

మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని వెంటనే స్వీకరించలేదు. సంచార వర్తకులు గ్రామాలకు చేస్తున్న ఉపయోగం ఎరిగిన అధికారుల్లో పలువురు, ఉత్తరాది శాసనం దక్షిణాదికి అవసరం లేదని తొలి దశాబ్దాల్లో భావించారు. ఆ వర్తకం క్షీణించి, పోలీసు శాఖ బలపడిన కొద్దీ ఆ అభిప్రాయం మారింది. 1911లో కొత్తగా వచ్చిన నేరస్థ జాతుల చట్టం దేశమంతటికీ వర్తించడంతో తెలుగు జిల్లాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. కొత్త చట్టం స్థానిక ప్రభుత్వాలకు స్వయంగా నోటిఫికేషన్ జారీచేసే అధికారం ఇచ్చింది, వేలిముద్రలు తీసుకోవడానికి అనుమతించింది, దండనలను కఠినం చేసింది. నిర్దేశించిన నేరాల్లో ఒకదానికి రెండోసారి శిక్ష పడితే, ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప, 7 సంవత్సరాలకు తగ్గని ఖైదు. మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరవాసం. దొంగతనం చేయబోతున్నట్టు అనుమానం కలిగించే పరిస్థితిలో కనిపించినా 3 సంవత్సరాల వరకు ఖైదు విధించవచ్చు. 1924లో ఈ నిబంధనలన్నింటినీ ఒకే చట్టంగా కూర్చారు.

అదే దొంగతనానికి నోటిఫికేషన్‌లో లేని కులస్థుడు దొరికితే న్యాయమూర్తి నేర తీవ్రతను చూసి తన విచక్షణ ప్రకారం శిక్ష వేసేవాడు. జాబితాలో ఉన్నవాడు దొరికితే శిక్షలో పెద్ద భాగం అప్పటికే నిర్ణయమై ఉండేది. చట్టం ముందు అందరూ సమానులన్న సూత్రం కచేరీ గోడల మీద ఎంత గౌరవంగా చెలామణి అవుతున్నా, దాని వెలుపల ఒక ప్రత్యేక శిక్షాస్మృతి అమలులోకి వచ్చింది.

సెటిల్మెంట్లు

1911 చట్టం కింద నోటిఫై చేసిన జాతులను ఒకచోట చేర్చి, కాపలా పెట్టి, పనిచేయించే కాలనీలను సెటిల్మెంట్లు అన్నారు. వాటి నిర్వహణను ప్రభుత్వం చాలాచోట్ల క్రైస్తవ మిషనరీ సంస్థలకు అప్పగించింది. వాటిలో ముఖ్యమైనది సాల్వేషన్ ఆర్మీ, అనగా తెలుగువారు రక్షణ సైన్యం అని పిలిచే సంస్థ. భారతదేశంలో దాని నాయకుడైన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ ఈ సంస్కరణ కార్యక్రమానికి పెద్ద ప్రచారకుడు. గుంటూరు జిల్లాలో స్టువర్టుపురం, కృష్ణాతీరంలోని సీతానగరం, కర్నూలు జిల్లాలో సిద్ధాపురం, నెల్లూరు జిల్లాలో కప్పరాళ్లతిప్ప, బిట్రగుంట ఇటువంటి సెటిల్మెంట్లుగా పేరుపొందాయి. మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమయ్యే నాటికి స్థాపితమైన స్టువర్టుపురానికి, పోలీసు శాఖాధిపతిగా పనిచేసి తరువాత మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. పోలీసు అధికారి పేరుతో ఊరు వెలియడం ఆ ఊరి ఉద్దేశాన్ని చెప్పకనే చెబుతుంది.

సెటిల్మెంట్లో బడి ఉండేది, వైద్యం ఉండేది, కొందరికి సాగుకు భూమి ఇచ్చారు. ఆకలితో అలమటిస్తున్న కుటుంబాలకు అవి కొంత ఆసరా అయ్యాయనే వాస్తవాన్ని కాదనలేము. దానితోపాటు హాజరు పట్టీ ఉండేది, బయటికి వెళ్లడానికి పాసు ఉండేది, అనుమతి లేకుండా వెళితే జైలు ఉండేది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది; తల్లి ఒడిలో పెరిగితే దొంగతనం నేర్చుకుంటారన్నది దాని వెనుక ఉన్న నమ్మకం. భూమి అందరికీ చాలనప్పుడు సెటిల్మెంటు వాసులను చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పొగాకు కార్ఖానాలో కూలిపనికి పంపారు. పని వదిలి పారిపోవడం మామూలు కూలివాడికి జీతం పోవడంతో సరిపోతే, సెటిల్మెంటు కూలివాడికి అది నేరమయ్యేది. ఆ విధంగా నీతిబోధ పేరుతో మొదలైన సంస్కరణ, కదలలేని కూలీలను కార్ఖానాలకు సమకూర్చే ఏర్పాటుగా కూడా పరిణమించింది.

ఇందులో ఒక లోతైన వైరుధ్యం ఉంది. రక్షణ సైన్యం నమ్మిన క్రైస్తవ నీతి ప్రకారం పాపం వ్యక్తిది, పశ్చాత్తాపమూ వ్యక్తిదే. ఎంతటి పాపికైనా మార్గం తెరిచే ఉంటుంది. ఆ సంస్థ అమలుచేసిన చట్టం ప్రకారం నేరం జాతిది, దానికి పశ్చాత్తాపంతో నిమిత్తం లేదు. ఎన్నడూ దొంగతనం చేయనివాడు కూడా హాజరు పలకవలసిందే. వ్యక్తిని మార్చగలమని నమ్మినవారే, వ్యక్తిని గుర్తించని శాసనానికి కార్యకర్తలు కావడం, సదుద్దేశం ఉన్నంత మాత్రాన న్యాయం జరగదనడానికి తార్కాణం.

ఇంతలో పల్లెల్లో ఇంకొక ఏర్పాటు మరుగున పడింది. రైతులు తమ పంటలకూ తోటలకూ కాపలాగా యానాదులను, ఎరుకలవారిని పెట్టుకుని, కుప్పనూర్పిళ్లప్పుడు వారికి ధాన్యం కొలవడం చాలాచోట్ల ఆనవాయితీగా ఉండేది. కావలివాడి పొలంలో దొంగతనం జరిగితే బాధ్యత అతనిదే. పోలీసు వ్యవస్థ ఆ ఒడంబడికకు విలువ ఇవ్వకపోవడంతో, మొన్నటి కావలివాడు నిన్నటి అనుమానితుడయ్యాడు.

రద్దు దిశగా

ఈ శాసనంపై వ్యతిరేకత తెలుగునేల మీద కూడా గట్టిగానే వినిపించింది. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య దశాబ్దాల పాటు పనిచేసి, వారిపై వేసిన నేరస్థ ముద్రను తొలగించాలని పోరాడారు. 1936 అక్టోబరులో నెల్లూరుకు వచ్చిన జవాహర్‌లాల్ నెహ్రూ, ఏ తెగనూ మొత్తంగా నేరస్థులనరాదనీ, ఈ చట్టం పౌరస్వేచ్ఛకే విరుద్ధమనీ, దీన్ని శాసనగ్రంథం నుంచి తొలగించాలనీ ప్రకటించారు.

మద్రాసు రాష్ట్రం 1947లో తన పరిధిలో ఈ చట్టాన్ని రద్దుచేసింది. కేంద్ర ప్రభుత్వం 1949లో నియమించిన విచారణ సంఘానికి తిరుపతి సమీపంలోని తిరుచానూరులో జన్మించి, తరువాత లోక్‌సభ స్పీకరు అయిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షత వహించారు. ఆ సంఘం నివేదిక తరువాత 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. నోటిఫికేషన్ నుంచి విడుదలైన వీరిని అప్పటినుంచి విముక్త జాతులు అంటున్నారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం చట్టం ముందు సమానత్వాన్నీ, దేశంలో స్వేచ్ఛగా సంచరించే హక్కునూ ప్రాథమిక హక్కులుగా గుర్తించింది. ఆ తరువాత పుట్టుకను బట్టి హద్దులు గీసే శాసనానికి పునాదే లేదు.

అయినా రద్దుతో కథ ముగియలేదు. నేరస్థ జాతుల చట్టం పోయిన చోటికి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి: మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. సిద్ధాంతరీత్యా ఇవి జాతిని కాక శిక్ష పడిన వ్యక్తిని లక్ష్యంగా చేసుకున్నవి. ఆ మేరకు 1871 నాటి అన్యాయాన్ని సరిదిద్దినవే. అయితే ఎవరిని అలవాటు నేరస్థుడుగా నమోదు చేయాలో మొదట నిర్ణయించేది స్టేషనులోని పోలీసు కాబట్టి, పాత రిజిస్టరులోని ఇంటిపేర్లే కొత్త రిజిస్టరులోకి చేరడానికి వీలు మిగిలింది.

మిగిలిపోయిన ముద్ర

చట్టం రద్దుచేయడానికి శాసనసభ చాలు. నీతిలో పాతుకుపోయిన అనుమానాన్ని రద్దుచేసే సభ లేదు. స్టువర్టుపురం అన్న పేరు తెలుగు వాడుకలో దొంగలకు పర్యాయపదమై, 1991లో వచ్చిన ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ నుంచి 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ వరకు సినిమాలకు ముడిసరుకైంది. ఆ ఊరి పేరు చెప్పి ఉద్యోగానికీ అద్దె ఇంటికీ వెళ్లిన యువకుడికి ఎదురయ్యే చూపు ఏ చట్టంలోనూ లేదు, ఏ రద్దుతోనూ పోలేదు.

ఈ ముద్రను తొలగించడానికి జరిగిన ప్రయత్నాల్లో 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు చేసిన కృషి ప్రత్యేకమైనది. మహాకవి జాషువా కుమార్తె, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు అయిన హేమలత, ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ప్రభుత్వ సహకారంతో స్టువర్టుపురంలో పునరావాస కార్యక్రమం చేపట్టారు. నేరం చేసినవారిని కాపలాతో కాక, వారితో కలిసి బతికి, నమ్మి, పని చూపి మార్చాలన్నది వారి పద్ధతి. సెటిల్మెంటు నిర్వాహకులు మతబోధతో ఆశించిన మార్పును వీరు మతరహిత మానవతతో ఆశించారు. అంతకంటే ముఖ్యంగా, దండనాధికారం లేకుండా ఆశించారు.

విముక్త, సంచార జాతుల స్థితిగతుల అధ్యయనానికి బాలకృష్ణ రెంకే అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కమిషన్ 2008లో నివేదిక సమర్పించింది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేస్తూ, పలు రాష్ట్రాల జైలు నియమావళుల్లో విముక్త జాతులను పుట్టుకతో నేరస్థులుగా చూసే పాత భాష ఇంకా కొనసాగుతున్నదని ఎత్తిచూపింది. మూల చట్టం రద్దయి 72 సంవత్సరాలు గడిచిన తరువాత కూడా అత్యున్నత న్యాయస్థానం ఆ మాట చెప్పవలసి వచ్చింది.

ఈ చరిత్ర చట్టం, న్యాయం, నీతి సంబంధాన్ని గురించి ఒక స్పష్టమైన నిర్ణయానికి ఆధారం ఇస్తుంది. అన్యాయమైన చట్టం కూడా చట్టంగా చెల్లుతుందని వాదించే న్యాయవేత్తల దృష్టిలో 1871 నాటి శాసనం నిర్దుష్టమైనదే. దాన్ని అధికారమున్న మండలి సక్రమంగా ఆమోదించింది. సమాజ నీతికి అనుగుణమైనదే మంచి చట్టం అనేవారి దృష్టిలోనూ దానికి లోపం లేదు, ఎందుకంటే నాటి స్థిరనివాస సమాజం దాన్ని హర్షించింది. అది తప్పినది న్యాయం దగ్గర: ఆరోపణ ఏమిటో తెలుసుకుని, తన పక్షం వినిపించుకుని, తాను చేసిన పనికి మాత్రమే జవాబుదారీ అయ్యే అవకాశాన్ని అది మనిషికి ఇవ్వలేదు. అందువల్ల ఏ చట్టాన్నయినా తూచవలసిన రాయి శాసనసభ ఆమోదమూ కాదు, ప్రజాభిప్రాయమూ కాదు. దాని కింద నిందితుడైన అతి బలహీనుడికి ప్రశ్నించే చోటు ఉన్నదా లేదా అన్నదే. నేరస్థ జాతుల చట్టంలో ఆ చోటు లేదు. 81 సంవత్సరాల పాటు అది అమలులో నిలవడానికీ, రద్దయిన తరువాత కూడా దాని ముద్ర చెరగకపోవడానికీ మూలకారణం అదే.